అ నుంచి ఱ వరకు అప్పజెప్పే పాప: యూకేజీ తరగతి నుంచి ఒక కేస్ స్టడీ

నేపథ్యం

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఒక చిన్న ప్రైవేటు బడిలో యూకేజీ పిల్లలకు పాఠం చెబుతాను. ఈ కేసులోని పాపను ఎవరూ గుర్తుపట్టకుండా ఊరు, బడి, ఏడాది రాయడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. పాపకు అప్పటికి ఐదేళ్లు దాటాయి. అమ్మానాన్నలు చెన్నైలో భవన నిర్మాణ పనుల్లో ఉంటారు. పాప అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. అమ్మమ్మ జీడిపిక్కలు ఒలిచే పనికి వెళుతుంది, చదువుకోలేదు. మా తరగతిలో ఇలాంటి ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు చాలామందే ఉన్నారు. కొబ్బరి తోటలూ జీడి తోటలూ ఉన్నా, కూలి కోసం వలస పోవడం మా ప్రాంతానికి కొత్త కాదు.

యూకేజీలో తెలుగు అంటే మా దగ్గర ఒక అలవాటు స్థిరపడిపోయింది. దసరాకు అచ్చులు, సంక్రాంతికి హల్లులు పూర్తి కావాలి. ఆ తర్వాత వేసవి సెలవుల దాకా రివిజన్. చివర్లో పిల్లలకు గౌను, టోపీ వేసి గ్రాడ్యుయేషన్ డే చేస్తారు. స్టేజీ మీద ఒక్కొక్కరూ మైకు పట్టుకుని వర్ణమాల అప్పజెబుతారు. తల్లిదండ్రులు ఫోన్లలో వీడియో తీసుకుంటారు.

సమస్య ఎలా బయటపడింది

ఈ పాప వర్ణమాల అప్పజెప్పడంలో తరగతిలో అందరికంటే ముందుండేది. ప్రతి ఆదివారం ఫోన్లో అమ్మానాన్నలకు వినిపించేది కూడా. సంక్రాంతికి వాళ్లు ఊరికి వచ్చారు. పండగ వెళ్లాక తల్లి బడికి వచ్చి చెప్పింది: "ఫోన్లో గడగడా సెప్పీసింది టీచరమ్మా. గోడ మీద కేలండర్ సూపించి ‘మ’ ఏదే అంటే తెల్లమొగం యేసింది. పిల్లకి కళ్లేటైనా తేడాగా ఉన్నాయేటి?"

ఆమె భయంతోనే అడిగింది, కానీ అడిగినది సరైన ప్రశ్న. ముందు అదే తేల్చుకోవాలి. కళ్లు ఆసుపత్రిలో చూపించమన్నాను, బాగానే ఉన్నాయన్నారు. వినికిడి సంగతి తరగతిలోనే ఆటగా చూశాను. వెనక నిలబడి చిన్నగా మాటలు చెబితే అన్నీ తిరిగి చెప్పింది. ఆ తర్వాత ఒక్కదాన్నే కూర్చోబెట్టి అక్షరాల కార్డులు కలగాపులగంగా చూపించాను.

ఈ కేసు రాయడానికి కారణం ఆ పది నిమిషాల్లో కనిపించినదే. ‘మ’ కార్డు చూపిస్తే పాప కార్డు వైపు చూడలేదు. గోడ మీది వర్ణమాల పట్టిక వైపు చూసింది. పెదాలు కదుపుతూ ‘క’ దగ్గర మొదలుపెట్టి, వేలితో గాలిలో ఒక్కో గడీ దాటుకుంటూ ఇరవై ఐదో అక్షరం దగ్గర ఆగి "మ" అంది. జవాబు సరైనదే. కానీ ఆ జవాబు అక్షరం చూసి వచ్చినది కాదు, పట్టికలో దాని స్థానం లెక్కపెట్టి తెచ్చుకున్నది. పట్టిక మీద దుప్పటి కప్పి మళ్లీ అడిగితే, గుర్తుపట్టినవి పది దాటలేదు. అచ్చుల్లోనూ ఇంతే. బొమ్మ ఉన్న కార్డు చూపిస్తే "ఆవు, ఆ" అనేది. బొమ్మను చేత్తో మూస్తే నోరు మూసేసేది.

ఈ రెండు పద్ధతులూ పాప తెలివి. వరస గుర్తుంటే స్థానం దొరుకుతుంది, బొమ్మ కనిపిస్తే మాట దొరుకుతుంది. అక్షరం రూపాన్ని చూడాల్సిన అవసరం మా తరగతిలో ఆ పిల్లకు అంతవరకూ రాలేదు. అందువల్ల దీన్ని ‘రాదు’ అని రాసుకోలేదు. ‘చూడాల్సిన పని పడలేదు’ అని రాసుకున్నాను. తర్వాత తీసుకున్న నిర్ణయాలన్నీ ఆ వాక్యం మీదే నిలబడ్డాయి.

ఇంకో సంగతి కూడా ఆరోజే గమనించాను. బొమ్మ చూపించి మొదటి శబ్దం అడిగే ఆటలో, చేప బొమ్మకు పాప ‘స’ కార్డు తీసింది. చెట్టు బొమ్మకూ ‘స’నే. జవాబుల పట్టీ ప్రకారం రెండూ తప్పు. కానీ వాళ్లింట్లో అది సేప, సెట్టు. తన నోట పలికే మాటలో మొదటి శబ్దాన్ని పాప కచ్చితంగా పట్టుకుంది. చదువుకు ముందు కావలసిన చెవి ఈ పిల్లకు ఉంది అనడానికి అంతకంటే నిదర్శనం అక్కర్లేదు. చెవి ఆట మార్కుల్లో ఆ రెండూ ఒప్పుగా వేశాను.

ముందు చేసినవి, అవి నిలవకపోవడం

బడి రివిజన్ పద్ధతి కాపీ రాత. రోజూ ఇంటికి రెండు పేజీల వర్ణమాల. చెయ్యి తిరుగుతుంది, రాస్తే గుర్తుంటుంది అనేది దాని వెనక ఉన్న ఆలోచన. పెద్దవాళ్లకు పేజీలు కనిపిస్తాయి కూడా. పాప పుస్తకం ముత్యాల్లా ఉండేది. పక్కన కూర్చుని రాస్తుండగా చూస్తే విషయం తెలిసింది. వరసంతా ముందు తలకట్లు పెట్టుకుంటూ పోయి, మళ్లీ మొదటికి వచ్చి కింది వంపులు గీస్తోంది. చేతికి అది గీత, అక్షరం కాదు. పేజీ నిండిపోతోంది, నోటి నుంచి ఒక్క శబ్దమూ రావడం లేదు.

తరువాత తరగతి మొత్తానికి కార్డుల డ్రిల్ పెట్టాం. నేను కార్డు ఎత్తితే అందరూ కలిసి చెప్పాలి. ఇది హుషారుగా సాగింది కానీ, నలుగురు గట్టిగా అంటే మిగతావాళ్లు అర క్షణం ఆగి వాళ్ల వెంట అనేవారు. గుంపులో అన్న జవాబు ఎవరిదో తెలియదు. దాన్ని పాటలకే ఉంచి, అక్షరాలకు మానేశాను.

గోడ మీద పిల్లల పేర్లు రాసి, కొత్త అక్షరం గుర్తుపట్టినప్పుడల్లా ఒక చుక్క అంటించే పట్టిక కూడా నడిచింది. కనిపించే మెప్పు ఉంటే ఉత్సాహం వస్తుందని పెట్టినది. చుక్కలు ఎక్కువున్న పిల్లలకు అది వచ్చింది. ఈ పాప కార్డుల చాప దగ్గరికి రావడం తగ్గించింది. తెలుగు పీరియడ్‌కి సరిగ్గా కడుపునొప్పి అనేది. సాయంత్రం తీసుకెళ్లడానికి వచ్చిన అమ్మమ్మ పట్టిక చూసి, "మా గుంటకి చుక్కలు రానేదేటి టీచరమ్మా?" అని అడిగింది. చదువురాని మనిషికి కూడా ఆ పట్టిక ఒక్క చూపులో చెప్పేసినది ఏమిటంటే, ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది. పాపకు ఏ అక్షరం వచ్చిందో, ఏది రావాలో అది చెప్పదు. ఆ వారమే తీసేశాను.

వీటన్నింటిలో ఉమ్మడిగా ఉన్న లోపం ఒకటే అనిపించింది. ఎక్కడా పిల్ల ఒక్కతే, వరస సాయం లేకుండా, అక్షరాన్ని చూసి గుర్తు తెచ్చుకునే పని లేదు. రివిజన్ పేరుతో మేం చేస్తున్నది మళ్లీ వినిపించడం, మళ్లీ రాయించడం. గుర్తు తెచ్చుకోవడం పిల్ల చేయాలి. అది కొద్దిగా కష్టంగా ఉండాలి, కానీ ఎక్కువసార్లు ఫలించాలి.

వరస మార్చడం

మొదటి నిర్ణయం వర్ణమాల పట్టికను కొన్నాళ్లు కప్పి ఉంచడం. రెండోది, ‘క ఖ గ ఘ’ వరసను వదిలి, మాటలు కట్టడానికి పనికొచ్చే అక్షరాలను ముందుకు తేవడం. ఘ, ఙ, ఝ, ఞ, ఢ లాంటివి ఐదేళ్ల పిల్ల మాటల్లో దాదాపు రావు. వాటి మీద పోయే సమయం ల, వ, ప, న, త, క, డ, స, గ, ట మీద పెడితే గుణింతం ఒక్కటీ లేకుండానే మాటలు వస్తాయి. మా ప్రాంతానికి ఇది మరీ కలిసొచ్చింది. వల, అల, పడవ, పనస, కడవ, గడప, పలక, తల, ఈత, ఆట. సముద్రం దగ్గరి పిల్లలకు వల, పడవ ఇంటి వస్తువులు. ఉద్దానంలో పనస చెట్టు లేని పెరడు అరుదు. పుస్తకంలో ‘ఒ’కు ఒంటె బొమ్మ ఉంటుంది, మా పిల్లలు ఒంటెను చూసింది బొమ్మలోనే.

బడి యాజమాన్యం దీనికి వెంటనే ఒప్పుకోలేదు. "సిలబస్ పూర్తి చేశామని పేరెంట్స్‌కి ఏం చూపిస్తాం మేడమ్?" అని కరస్పాండెంట్ గారు అడిగారు. ఆయన ఆందోళన నిజమైనదే, ఫీజు కట్టే తల్లిదండ్రులకు జవాబు చెప్పాల్సింది ఆయన. నేను నిపుణ్ భారత్ లక్ష్యాలు ముందు పెట్టాను. 2021 జులైలో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఈ మిషన్, ఒకటో తరగతికి ముందు ఉండే బాలవాటిక స్థాయికి పెట్టిన భాషా లక్ష్యం చిన్నదే: అక్షరాలను, వాటి శబ్దాలను గుర్తుపట్టడం, రెండు మూడు అక్షరాల సరళ పదాలు చదవడం. చదువుకు పునాది గట్టిపడటానికి మూడో తరగతి చివరి దాకా సమయం ఇచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూస్తుంది. ‘పడవ’ చదివిన పిల్ల ఆ లక్ష్యానికి దగ్గరగా ఉంది. మొత్తం వర్ణమాల అప్పజెప్పి ‘పడవ’ చదవలేని పిల్ల దూరంగా ఉంది. ఈ మాటతో ఆయన రెండు నెలలు చూద్దామన్నారు.

పలికే ‘స’, రాసే ‘చ’ విషయంలో కొంత ఆలోచించాల్సి వచ్చింది. ‘సేప తప్పు, చేప అనాలి’ అని దిద్దడం సులువు. కానీ అలా దిద్దితే ఐదేళ్ల పిల్లకు అర్థమయ్యేది అమ్మమ్మ మాట తప్పు అని, తన చెవి తప్పు అని. ఆ రెండింటి మీదే ఈ పిల్లకు చదువు రావాలి. ఇదే జిల్లాలో, వంశధార దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు సవర అనే గిరిజన తెగ పిల్లలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. పిల్లల నోటి మాట నుంచి బడి మొదలవ్వాలన్న ఆలోచన మా నేలకు కొత్తది కాదు. అందుకని ఇలా చెప్పాను: "మనం ఇంట్లో సేప అంటాం. పుస్తకంలో ఇలా రాస్తారు." అంతకుమించి వ్యాఖ్య లేదు. కొన్నాళ్లు దీనికి ఎదురు ఫలితం వచ్చింది. పాప సబ్బుకూ, సంచికీ కూడా ‘చ’ తీయడం మొదలుపెట్టింది. రెండు గిన్నెలు పెట్టి, ‘చ’ బొమ్మలు ఒకదానిలో, ‘స’ బొమ్మలు ఒకదానిలో వేసే ఆటతో అది నెమ్మదిగా సర్దుకుంది. తొందరపెడితే రెండూ కలిసిపోయేవి.

సంచీ

అసలు పనిచేసినది ఒక గుడ్డ సంచీ. పాత చీర ముక్కతో పిల్లకొకటి కుట్టించాను. పాత శుభలేఖల వెనక వైపు కత్తిరించి కార్డులు చేశాను. ఒకవైపు మాట, రెండోవైపు దాని బొమ్మ. పిల్ల మాట చదివి, తిప్పి బొమ్మ చూసి, తనే సరిచూసుకుంటుంది. సరైందా కాదా చెప్పడానికి టీచరు అక్కర్లేదు, చదువుకున్న పెద్దవాళ్లు ఇంట్లో ఉండనక్కర్లేదు. ఈ పాప విషయంలో నేను ఎక్కువ ఆలోచించింది ఈ రెండో మాట గురించే. ఇంటికి ఏ పని పంపినా అది అమ్మమ్మ చేయగలిగినదై ఉండాలి. ఆమె చేయవలసింది కార్డు తీసి "ఇదేటే?" అని అడగడం, పిల్ల చెప్పాక తిప్పి చూడటం. అంతే. రాత్రి అన్నాలయ్యాక అడిగేదాన్నని ఆమే చెప్పింది.

రోజూ ఉదయం పిల్లలు జంటలుగా కూర్చుని సంచీలు దులిపి చదువుకునేవారు. వెంటనే వచ్చిన కార్డు సంచీలోకి తిరిగి వెళుతుంది. ఆగినది నా డబ్బాలోకి వస్తుంది, మర్నాడు దాంతోనే మొదలు. డబ్బాలోకి వెళ్లడం శిక్ష కాదని పిల్లలకు తెలియాలి కాబట్టి, ‘టీచరుతో చదివేవి’ అని దానికి పేరు పెట్టాం. నేను ఒక కాగితం మీద ఒక్కో పిల్లకు మూడు గుర్తులు మాత్రమే పెట్టుకున్నాను: వెంటనే వచ్చింది, ఆలోచించి వచ్చింది, రాలేదు. ఈ కాగితం గోడకెక్కలేదు. ‘ఆలోచించి వచ్చింది’ అన్న మధ్య గుర్తు చాలా ఉపయోగపడింది. రేపటి పునశ్చరణకు ఏవి తీయాలో అదే చెబుతుంది. పూర్తిగా వచ్చినవి వారానికోసారి తగిలితే చాలు. అసలు రానివి ఒకేసారి రెండు మించకూడదు. మధ్యవి రోజూ రావాలి.

ఒక చిక్కు ఇక్కడ చెప్పాలి. కొన్ని వారాలకు పాప ‘పనస’ కార్డు చూడగానే అనేసేది. చదువుతోందా, ‘ప’ చూసి ఊహిస్తోందా? తెలుసుకోవడానికి పనస, పడవ, పలక మూడూ పక్కపక్కన పెట్టాను. మూడూ ‘ప’తోనే మొదలు. మొదటి రోజు మూడింటినీ పనస అంది. రెండో అక్షరం చూడక తప్పని పరిస్థితి వచ్చాక, వేలు ‘ప’ మీద నుంచి పక్కకు జరిగింది. ఊహ నుంచి చదువుకు మారడం అక్కడే చూశాను. అలాగే పోలికలున్న అక్షరాలను ఒకే వారంలో కొత్తగా చెప్పలేదు. ‘వ’ గట్టిపడ్డాక ‘ప’, ‘స’ వచ్చాక ‘న’. రెండూ విడివిడిగా వచ్చాకనే పక్కపక్కన పెట్టి తేడా చూపించాను.

మార్చి నాటికి కడుపునొప్పులు ఆగిపోయాయి. సంచీ బరువు పిల్ల చేతికే తెలిసేది. పక్క పిల్ల సంచీతో పోల్చుకునేవారు లేరని కాదు, ఐదేళ్ల పిల్లలు పోల్చుకుంటారు. కానీ గోడ మీద పెద్దవాళ్లు పోల్చడం వేరు.

సంబరం

గ్రాడ్యుయేషన్ డే దగ్గరపడింది. పాప వర్ణమాల ఎప్పటిలాగే అప్పజెబుతుంది, చప్పట్లూ వస్తాయి. కానీ ఆ చప్పట్లు దేనికి? సంక్రాంతికి ముందు కూడా వచ్చినదానికే. ఈ మూడు నెలల్లో నేర్చుకున్నది స్టేజీ మీద ఎవరికీ కనిపించదు. పిల్లకు కూడా కనిపించదు, అది ఇంకా బాధ. పైగా మైకు ముందు నోరు పెగలని పిల్లలు ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురుంటారు. వాళ్ల ఏడాది చదువు మొత్తం ఆ ఏడుపుతో గుర్తుండిపోతుంది.

నా ప్రతిపాదన ఇది. ఆవరణలో చాపలు వేద్దాం. ప్రతి పిల్లా తన ఇంటివాళ్లలో ఒకరిద్దరిని కూర్చోబెట్టుకుని, సంచీ విప్పి, తను ఎంచుకున్న కార్డులు చదివి వినిపిస్తుంది. ఒక తండ్రి గట్టిగానే అభ్యంతరం చెప్పారు: "స్టేజీ ఎక్కకపోతే ఫంక్షన్ ఏంటండీ? మా వాడు ధైర్యంగా మాట్లాడతాడు." అందులోనూ న్యాయం ఉంది. స్టేజీని ఇష్టపడే పిల్లల నుంచి దాన్ని లాక్కోవడం నా ఉద్దేశం కాదు. గుంపుగా పాట ఒకటి, ఇష్టమైనవాళ్లు పద్యమో కథో చెప్పుకోవడం స్టేజీ మీద ఉంచాం. టోపీలతో గ్రూప్ ఫొటో ఉంచాం. పులిహోర, బెల్లం పొంగలి పెట్టాం. తిండి లేకుండా మా దగ్గర సంబరం అనరు. చదువు మాత్రం చాపల మీద.

ఏర్పాట్లలో తెలిసొచ్చినవి కొన్ని. అందరినీ ఒకేసారి కూర్చోబెడితే గోలలో ఏమీ వినబడదు, కాబట్టి మూడు విడతలు చేశాం. పెద్దవాళ్లకు ముందుగా ఒక్క సూచన ఇచ్చాం: పిల్ల ఆగితే అందించకండి, కార్డు తిప్పనివ్వండి. ఇది చెప్పకపోతే సంబరం పరీక్ష అయిపోతుంది. పని మానుకుని రాలేని తల్లిదండ్రులకు వాట్సాప్ వీడియో కాల్. ఇంటి నుంచి ఎవరూ రాలేని పిల్లలకు నాలుగో తరగతి, ఐదో తరగతి పిల్లలు శ్రోతలు. వాళ్లు చాలా శ్రద్ధగా విన్నారు, చిన్నపిల్లలకు అన్నలూ అప్పలూ (అక్కలు) వినడం ఇంకా ఇష్టంగా అనిపించింది.

పాప అమ్మమ్మ ముందు కూర్చుని, చెన్నై నుంచి తల్లి ఫోన్లో చూస్తుండగా చదివింది. ఎంచుకున్న మొదటి కార్డు ‘పడవ’. ‘కడప’ అని నేను కొత్తగా రాసిచ్చిన కార్డు కూడా చదివింది. అది సంచీలో లేని మాట, అక్షరాలన్నీ తెలిసినవే. ‘గడప’ అని మొదలుపెట్టి, ఆగి, మొదటి అక్షరం మళ్లీ చూసి, తనే దిద్దుకుంది. తల్లి ఫోన్లో అడిగింది ఒక్కటే: "మ ఏదే?" పాప సంచీ వెతికి ‘మర’ కార్డు తీసి కెమెరాకు పెట్టింది. గోడ వైపు చూడలేదు.

పిల్లలందరికీ ఒకే రకం సర్టిఫికెట్ ఇచ్చాం. ర్యాంకు లేదు, ‘నేను చదివిన మాటలు’ అని, ఎవరి మాటలు వాళ్లవి.

దీని తర్వాత తరగతిలో మారినవి

కలగాపులగం కార్డుల పరీక్షను ఇప్పుడు సంక్రాంతి దాకా ఆపడం లేదు. దసరా సెలవులకు ముందే, ఒక్కొక్క పిల్లనూ విడిగా, పట్టిక కప్పి చూస్తున్నాను. ఈ పాప లాంటి పిల్లలు వెనకబడినవాళ్లుగా కనిపించరు. అప్పజెప్పడంలో ముందుంటారు కాబట్టి మన చూపు వాళ్లమీద పడదు. చూపు పడాల్సింది జవాబు మీద కాదు, జవాబు చెప్పేటప్పుడు పిల్ల కళ్లు ఎక్కడున్నాయి, పెదాలు ఏం చేస్తున్నాయి అన్నదాని మీద.

వర్ణమాల పాటను మానలేదు. అది అందంగా ఉంటుంది, పిల్లలకు ఇష్టం, పెద్దయ్యాక నిఘంటువు చూడటానికి వరస కావాలి కూడా. చదువు వచ్చిందనడానికి దాన్ని రుజువుగా తీసుకోవడం మాత్రం మానాం. కాపీ రాత రెండు పేజీల నుంచి రెండు వరసలకు తగ్గింది. రాసేటప్పుడు పైకి పలకాలి.

సంబరం ఎలా చేయాలన్నది ముందే నిర్ణయించుకోవడం వల్ల పునశ్చరణ కూడా మారింది. చివర్లో మైకులో అప్పజెప్పాలంటే మూడు నెలలూ అప్పజెప్పడమే చేయిస్తాం. చివర్లో ఇంటివాళ్లకు మాటలు చదివి వినిపించాలంటే మాటలు చదివిస్తాం. కొత్తగా చేరే టీచర్లకు ఇదే ముందుగా చెబుతున్నాను.

జూన్‌లో

సంచీ వేసవికి ఇంటికి పంపాం. జూన్‌లో బడి తెరిచాక పాప ఒకటో తరగతిలో చేరింది. మొదటి వారంలో అదే కార్డులతో చూశాను. మాటల్లో వాడిన అక్షరాలు దాదాపు అన్నీ నిలిచాయి. ‘న’, ‘స’ రెండు మూడుసార్లు తారుమారయ్యాయి. మాటల్లోకి రాని ఘ, ఝ, ఢ, ఫ గుర్తు లేవు, వాటి గురించి ఇప్పుడే కంగారు లేదు. ‘ఎ’, ‘ఏ’ తేడా ఇంకా గట్టిపడలేదు. ఎత్వం, ఏత్వం వచ్చినప్పుడు అక్కడ ఇబ్బంది పడుతుందని ఒకటో తరగతి టీచరుకు రాసిచ్చాను. మూడు గుర్తుల కాగితమూ ఆవిడకే ఇచ్చాను. ఆవిడ ‘ఆట’ కార్డు పక్కన ‘పాట’, ‘మాట’ పెట్టి దీర్ఘం మొదలుపెట్టారు. ఆ దసరాకు ఇద్దరం కలిసి మళ్లీ చూడాలనుకున్నాం.